ఆపే మీట చేతికందాలి

మాట వినని యాప్‌ను నిలబెట్టే హక్కు ఫోన్ కొనుక్కున్నవాళ్లది. కానీ ఆ బటన్ నాలుగు తెరల వెనకాల నక్కి ఉంటుంది. గోప్యతకు పెద్దపీట వేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ అధికారాన్ని వాడేవాళ్లకు ఎలా అప్పగించాయి? ఎల్లంతకుంట నుంచి కోరుట్ల దాకా మామూలు ఫోన్లు వాడుతున్నవాళ్లు దాన్ని ఎలా అందుకోవాలి?

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్డులోకి అడుగుపెడితే పక్కనున్న మనిషి మాట వినపడదు. ఆ హోరులోనే ఒక్కొక్క కార్మికుడు వరసగా కొన్ని సాంచాల్ని చూసుకుంటూ ఉంటాడు. ఎక్కడో ఓ పోగు తెగుతుంది. చెయ్యి పిడి మీద పడుతుంది, సాంచ ఆగుతుంది. పోగు ముడేసి మళ్లీ నడుపుతాడు. ఆపడం ఆలస్యమైతే బట్ట చెడుతుందని ఆ యంత్రాన్ని తయారుచేసినవాళ్లకు తెలుసు. అందుకే ఆపే పిడిని చేతికందే చోట పెట్టారు.

జేబులోని ఫోన్ తయారుచేసినవాళ్లు ఆ పని చేయలేదు. యాప్ ఎక్కించుకోవడానికి ఒక్క నొక్కు చాలు. అది మొండికేస్తే మాత్రం ఎక్కడ ఆపాలో తెలియక చాలామంది ఫోన్ స్విచాఫ్ చేసి మళ్లీ వేస్తారు. ఫోన్ లేస్తుంది, దాంతోపాటే ఆ యాప్ కూడా లేస్తుంది. బ్యాటరీ కరుగుతుంది, డేటా ఆవిరవుతుంది. కొన్నిసార్లు బ్యాంకు ఖాతా కూడా ఖాళీ అవుతుంది. ఈ కథనం ఆ ఒక్క బటన్ గురించి. దాని పేరు ఫోర్స్ స్టాప్.

ఫోనే బ్యాంకు, ఫోనే దుబాయ్

ఎల్లంతకుంట రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండలం. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో తిప్పాపూర్ పంపుహౌజ్, అనంతగిరి దగ్గర మూడున్నర టీఎంసీల అన్నపూర్ణ జలాశయం ఈ మండలంలోనే వచ్చాయి. నీళ్లొచ్చిన చోట వరి పెరిగింది. కొనుగోలు కేంద్రంలో అమ్మిన ధాన్యం డబ్బులు ఖాతాలో పడ్డాయని చెప్పేది ఫోన్‌కు వచ్చే మెసేజీయే. రైతు భరోసా పడ్డా, పింఛను పడ్డా అదే మెసేజీ. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు భృతి వచ్చిందో లేదో చెప్పేదీ అదే.

ఇక గల్ఫ్ సంగతి చెప్పక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడ ప్రాంతాల్లో దుబాయ్‌లోనో, సౌదీలోనో, కతార్‌లోనో మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు. అందుకే అక్కడున్నవాళ్లు బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. ఇక్కడ ఇంట్లోవాళ్లు కూడా అవే ఎక్కించుకోవాలి. కొడుకు ముఖం చూడాలంటే ఫోన్, మనుమరాలి ఫీజు కట్టాలంటే ఫోన్. ఇంత బతుకు ఒకే పెట్టెలో పెట్టుకున్నాక, ఆ పెట్టెలోకి ఎవరు దూరుతున్నారో, దూరినవాళ్లను ఎలా బయటికి నెట్టాలో తెలిసి ఉండటం గడప దాటని అవ్వకు సైతం అవసరమే.

సిరిసిల్లలో ఓ చిన్న సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. గాజు కౌంటరు మీద విప్పిన ఫోన్లు, పక్కనే స్క్రీన్‌గార్డుల కట్ట. అరవై దాటిన ఓ పెద్దావిడ కొంగులోంచి ఫోన్ తీసి కుర్రాడి ముందు పెట్టింది.

“గీ ఫోన్‌కు ఏమైందో సూడు బిడ్డా. ముట్టకముందే బొమ్మలొస్తున్నయి. దుబాయ్ నుంచి కొడుకు ఫోన్ జేస్తే ఎత్తనిస్తలేదు.”

“ఏమేం యాప్‌లు ఎక్కిచ్చుకున్నవ్ అవ్వా?”

“నాకేం ఎర్క? మన్మడు ఆటలాడుతడు. టార్చిలైటు సుత గాడే ఎక్కిచ్చిండు.”

“సరే. యాడ్ రానియ్యి. వచ్చినంక దాన్ని ముట్టకు, నాకియ్యి.”

కాసేపటికి తెరంతా నింపేస్తూ ప్రకటన వచ్చింది. కుర్రాడు దాని మూలనున్న ఇంటూ గుర్తు జోలికి పోలేదు. తెర కిందున్న రీసెంట్స్ బటన్ నొక్కాడు. అప్పటిదాకా నడిచిన యాప్‌లన్నీ కార్డుల్లా వరసగా కనిపించాయి. ప్రకటన ఉన్న కార్డు పైన చిన్న టార్చి బొమ్మ. “గిదే అవ్వా, దొంగ దొరికిండు” అంటూ ఆ బొమ్మ మీద వేలు పెట్టాడు. ‘యాప్ ఇన్ఫో’ తెరుచుకుంది. ఫోర్స్ స్టాప్ నొక్కాడు, తరవాత అన్‌ఇన్‌స్టాల్ నొక్కాడు. “టార్చి ఫోన్‌లనే ఉంటది, దీనికి యాప్ ఎందుకు?” అని తెర పైనుంచి కిందికి లాగి ఆ బటన్ చూపించాడు.

ఈ కిటుకు ఎవరైనా నేర్చుకోవచ్చు. ప్రకటనలతో వేధించే యాప్‌లలో కొన్నింటికి మెనూలో బొమ్మే ఉండదు, కొన్నింటికి పేరు కూడా ఉండదు. వెతికితే దొరకవు. తెర మీదికి వచ్చినప్పుడే రీసెంట్స్ నొక్కితే మాత్రం చాలావరకు దాక్కోలేవు. ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి ఒకటి ఆండ్రాయిడ్‌లో ఉంటుంది. దాని పేరు ‘డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్’. కాల్ వస్తున్నా అడ్డం పడే ప్రకటనలకు చాలాసార్లు మూలం అక్కడే ఉంటుంది.

పక్కకు తోస్తే ఆగినట్టు కాదు

రీసెంట్స్‌లో కార్డును పైకో పక్కకో తోసేస్తే యాప్ మూతపడిందని చాలామంది నమ్మకం. తోసినప్పుడు పోయేది కంటికి కనిపించే కిటికీ. దాని వెనక నడిచే సర్వీసు నడుస్తూనే ఉండవచ్చు. ఫలానా గంటకు లేపమని పెట్టుకున్న అలారాలు, నెట్ రాగానే చేయాలని రాసిపెట్టుకున్న పనులు అలాగే ఉంటాయి. అవి చాలు, యాప్ మళ్లీ లేచి కూర్చోవడానికి.

ఆండ్రాయిడ్ 13లో, అంటే 2022లో, గూగుల్ ఇంకో దారి పెట్టింది. నోటిఫికేషన్ల తెరను పూర్తిగా కిందికి లాగితే, వెనకాల ఎన్ని యాప్‌లు పనిచేస్తున్నాయో చెప్పే చిన్న అంకె అట్టడుగున కనిపిస్తుంది. దాన్ని నొక్కితే జాబితా వస్తుంది, ఒక్కోదాని పక్కన ‘స్టాప్’ అని ఉంటుంది. చేతికి దగ్గరగా ఉంది కాబట్టి మంచిదే. అయితే ఇది యాప్‌ను అప్పటికి మాత్రమే దింపుతుంది. పెట్టుకున్న అలారాలు, రాసుకున్న పనులు చెరగవు. వాటి వేళకు అవి జరుగుతాయి.

ఫోర్స్ స్టాప్ అలా వదిలిపెట్టదు. ఆ యాప్‌కు చెందిన ప్రతి ప్రాసెస్‌నూ చంపేస్తుంది. సర్వీసుల్ని నిలిపేస్తుంది, అలారాల్ని రద్దు చేస్తుంది, రాసుకున్న పనుల్ని కొట్టేస్తుంది. ఆ పైన యాప్ మీద ‘ఆపివేయబడింది’ అనే ముద్ర వేస్తుంది. ఈ ముద్ర 2011లో ఆండ్రాయిడ్ 3.1తో వచ్చింది. ముద్ర పడ్డ యాప్‌కు ఫోన్ ఆన్ అయిందన్న కబురు కూడా అందదు. అందుకే ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినా అది లేవదు. మనమే దాని బొమ్మ మీద నొక్కి తెరిస్తే ముద్ర చెరుగుతుంది. ఇంకో యాప్ పనిగట్టుకుని దాన్ని పిలిచినా లేచే వీలుంది. ఒకే కంపెనీ యాప్‌లు రెండు మూడు ఉన్న ఫోన్లలో ఇది జరుగుతుంది. ఆండ్రాయిడ్ 15 వచ్చాక ఈ ముద్ర ఇంకా గట్టిపడింది. ఆపేసిన యాప్ ముందుగా ఇతరుల చేతికిచ్చి ఉంచిన పిలుపులు కూడా రద్దవుతాయి, హోమ్ తెర మీది దాని విడ్జెట్ మసకబారి పనిచేయకుండా పోతుంది.

అంటే, పక్కకు తోయడం, ‘స్టాప్’ నొక్కడం, ‘ఫోర్స్ స్టాప్’ చేయడం మూడూ వేరువేరు. మొదటిది కళ్లకు తృప్తి, రెండోది తాత్కాలికం. మూడోదే నిజంగా ఆపడం. ఆ మూడోదాన్నే సెట్టింగ్స్ లోపల, యాప్స్ లోపల, యాప్ పేరు లోపల దాచారు. నొక్కితే ‘యాప్ సరిగా పనిచేయకపోవచ్చు’ అని ఒక హెచ్చరిక, దానికి సరే అనాలి. అలారం యాప్‌ను పొరపాటున ఆపేస్తే పొద్దున మోగదు కాబట్టి హెచ్చరిక ఉండటం న్యాయమే. కానీ ఎక్కించుకునేటప్పుడు అంత హెచ్చరిక ఎందుకు లేదు?

గోప్యతే ప్రాణంగా పుట్టినవి

ఫోన్‌లో ఏది నడవాలో, ఏది ఆగాలో వాడేవాళ్లే చెప్పాలన్న పట్టుదలతో ప్రపంచంలో కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లు పుట్టాయి. ఇక్కడ చెప్పుకునేవాటన్నింటికీ మూలం ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడే. దాని మీద గూగుల్ సేవల పట్టు తీసేసి, తమ తాళాలు బిగించుకున్నాయి.

వాటిలో ఎక్కువ పేరున్నది గ్రాఫీన్ ఓఎస్. డేనియల్ మికే అనే భద్రతా నిపుణుడు 2014లో మొదలుపెట్టిన పని 2019 నుంచి ఈ పేరుతో సాగుతోంది. గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీద పనిచేస్తూ వచ్చింది. ఫోర్స్ స్టాప్ బటన్ దీనిలోనూ ఆండ్రాయిడ్‌ది ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాని చుట్టూ కట్టిన కంచె మాత్రం వేరు. మామూలు ఆండ్రాయిడ్‌లో ఫోన్‌తో వచ్చిన యాప్‌ల్ని ‘డిజేబుల్’ చేయవచ్చు, మనం ఎక్కించుకున్నవాటికి సాధారణంగా ఆ వెసులుబాటు ఉండదు. గ్రాఫీన్ ఓఎస్‌లో మనం ఎక్కించుకున్న యాప్‌ను కూడా డిజేబుల్ చేయవచ్చు. అప్పుడది ఎవరు పిలిచినా లేవదు. దానిలోని మన సమాచారం చెరిగిపోదు. అవసరమైన రోజు మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. ఫోర్స్ స్టాప్‌లో మిగిలిపోయిన సందును ఇలా మూసేశారు.

ఇంకా ఉంది. ప్రతి యాప్‌కూ నెట్‌వర్క్ అనుమతి విడిగా ఉంటుంది. టార్చిలైటుకు ఇంటర్నెట్ ఎందుకని తీసేస్తే అది ప్రకటన తెచ్చుకోలేదు, మన సమాచారం పంపలేదు. సెన్సర్ల అనుమతీ అంతే. అనుమానం ఉన్న యాప్‌ల్ని వేరే యూజర్ ప్రొఫైల్‌లో పెట్టుకుని, పని అయ్యాక ‘ఎండ్ సెషన్’ నొక్కితే ఆ ప్రొఫైల్ మొత్తం, అందులోని యాప్‌లన్నీ ఒక్క దెబ్బకు నిలిచిపోతాయి. దాని తాళంచెవులు మెమరీలోంచి తొలగిపోతాయి. ఒక్కో యాప్‌ను వెతికి ఆపే తిప్పలు ఉండవు. వేగంగా ఆపడమంటే ఇదీ.

రెండోది లినియేజ్ ఓఎస్. సయనోజెన్‌మాడ్ మూతపడ్డాక 2016 డిసెంబరులో దాని వారసత్వంగా వచ్చింది. కంపెనీలు అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్లెన్నింటినో ఇది బతికిస్తోంది. దీనిలో ఓ చిన్న సౌకర్యం ఉంది. సెట్టింగ్స్‌లో ఒకసారి ఎంచుకుంటే, బ్యాక్ బటన్‌ను నొక్కి పట్టుకున్నప్పుడు తెర మీదున్న యాప్ అక్కడికక్కడే ఆగిపోతుంది. బిగుసుకుపోయిన యాప్‌ను వదిలించుకోవడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. యాప్‌లవారీగా మొబైల్ డేటా, వైఫై ఆపే ఏర్పాటు కూడా ఉంది. మాండ్రేక్ లినక్స్ సృష్టికర్తగా పేరున్న ఫ్రాన్స్ దేశస్థుడు గేల్ దువాల్ లినియేజ్ ఆధారంగా ఇ-ఓఎస్ నడిపిస్తున్నారు. యాప్‌ల లోపల దాగిన ట్రాకర్లను చూపించి అడ్డుకోవడం దాని ప్రత్యేకత.

మన దేశంలోనూ ఓ ప్రయత్నం జరిగింది. ఐఐటీ మద్రాస్ అండతో పెరిగిన ఓ సంస్థ 2023 జనవరిలో ‘భరోస్’ను ముందుకు తెచ్చింది. ముందే నింపిన యాప్‌లు లేకుండా, వాడేవాళ్లు కోరుకున్నవే ఎక్కించుకునేలా రూపొందించామని చెప్పింది. కేంద్ర మంత్రులే దాన్ని పరీక్షించి చూశారు. కోడ్ తెరిచి చూపాలి, వాడేవాళ్లదే పెత్తనం కావాలి అన్న మాట తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఏళ్ల తరబడి ఇదే మాట కాలేజీల్లో చెబుతూ వస్తోంది.

అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. పిక్సెల్ ఫోన్ ధర ఓ బీడీ కార్మికురాలి ఇంటికి అందేది కాదు. ఉన్న ఫోన్‌లో లినియేజ్ ఎక్కించాలంటే బూట్‌లోడర్ తాళం తీయాలి. తీస్తే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. ఎక్కించాక కొన్ని బ్యాంకు యాప్‌లు, చెల్లింపుల యాప్‌లు ‘ఈ ఫోన్‌లో నడవం’ అని మొరాయిస్తాయి. కాబట్టి ఎల్లంతకుంటలో అందరూ రేపటి నుంచి గ్రాఫీన్ ఓఎస్‌కు మారాలనడం నా ఉద్దేశం కాదు. వాళ్లు ఏది ముఖ్యమనుకున్నారో అది మన ఫోన్లకూ రావాలి. వచ్చేలోపు ఉన్నదాన్ని వాడుకోవడం మనం నేర్చుకోవాలి.

అప్పు యాప్‌లు నేర్పిన గుణపాఠం

ఆపడం ఎంత ముఖ్యమో, ఎక్కడ సరిపోదో తెలంగాణకు 2020 చివర్లో తెలిసొచ్చింది. లాక్‌డౌన్‌లో పనులు పోయినవాళ్లకు నిమిషాల్లో అప్పిస్తామంటూ యాప్‌లు వచ్చిపడ్డాయి. ఎక్కించుకునేటప్పుడే ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు చూసే అనుమతి అడిగాయి. అవసరంలో ఉన్న మనిషి అన్నింటికీ సరే అన్నాడు. వాయిదా ఒక్కరోజు తప్పితే చాలు, చుట్టాలకు, పక్కింటివాళ్లకు, పనిచేసే చోట అధికారులకు ఫోన్లు వెళ్లాయి. మార్ఫింగ్ చేసిన ఫొటోలు తిరిగాయి. అవమానం తట్టుకోలేక రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టి, కాల్ సెంటర్ల మీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు.

నేతన్నల అప్పుల బాధ సిరిసిల్ల చాలాకాలం చూసింది. అలాంటి చోట ఈ కథ ఎంత లోతుగా గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా? వడ్డీ వ్యాపారి ఇంటి ముందుకొచ్చి అరిస్తే నలుగురు అడ్డం పడతారు. యాప్ అయితే మనకు తెలిసిన వాళ్లందరి ఇళ్లకూ ఒకేసారి వెళుతుంది. అడ్డం పడేదెవరు?

ఇక్కడ ఫోర్స్ స్టాప్ హద్దు తెలుసుకోవాలి. అనుమతి ఇచ్చిన క్షణంలోనే నంబర్లన్నీ ఎక్కడో సర్వర్‌కు వెళ్లిపోతాయి. ఆ తరవాత యాప్‌ను ఆపినా, తీసేసినా వెళ్లినవి తిరిగి రావు. అందుకే గ్రాఫీన్ ఓఎస్ వాళ్లు ముందే అడ్డుకట్ట వేశారు. కాంటాక్ట్ స్కోప్స్ అనే ఏర్పాటులో యాప్ నంబర్లు అడిగితే అనుమతి దొరికిందనే అనుకుంటుంది, చూస్తే జాబితా ఖాళీ. మనం ఎంచి ఇచ్చిన ఒకటి రెండు నంబర్లే దానికి కనబడతాయి. ఫైళ్లకు కూడా స్టోరేజ్ స్కోప్స్ పేరుతో అలాంటి ఏర్పాటే ఉంది. 2020లో మన ఫోన్లకు ఈ ఒక్క సౌకర్యం ఉండి ఉంటే చాలా ఇళ్లలో దీపం ఆరేది కాదు.

చట్టం కొంచెం ఆలస్యంగానైనా కదిలింది. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో డిజిటల్ రుణాల మీద అధ్యయన బృందాన్ని వేసింది. 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో, అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని నంబర్లు, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి పోరాదని చెప్పింది. కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారికే, అదీ స్పష్టమైన అంగీకారంతోనే అంది. 2023 మే 31 నుంచి గూగుల్ సైతం ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణ యాప్‌లు నంబర్లు, ఫొటోలు చూడరాదని నిబంధన పెట్టింది. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చేవాటికి మాత్రం ఈ కట్టడి వర్తించదు. దొంగలు ఇప్పుడు ఆ దారినే పట్టారు.

ఏపీకే ఫైలు వచ్చిందంటే

పెళ్లిపత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ... పేరు ఏదైనా వాట్సాప్‌లో వచ్చే ఆ ఫైలు చివర ‘.ఏపీకే’ అని ఉంటుంది. అది పత్రిక కాదు, చలానా అంతకన్నా కాదు. నొక్కితే ఎక్కే యాప్. ఎక్కాక మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే బ్యాంకు ఓటీపీ నేరుగా దొంగ చేతికి పోతుంది. యాక్సెసబిలిటీ అనే అనుమతి కూడా ఇచ్చారంటే మీ తెర మీద మీ బదులు అదే నొక్కుతుంది. చూపు సరిగా లేనివాళ్లకు సాయపడాలని పుట్టిన సౌకర్యం అది. దాన్నే దొంగలు ఆయుధం చేసుకున్నారు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఫైళ్ల ద్వారా వచ్చిన యాప్‌లకు ఆ అనుమతి తేలిగ్గా దొరక్కుండా అడ్డం పెట్టారు. అయినా ఫోన్‌లో మాట్లాడుతూ ‘ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి’ అని మనచేతే ఆ అడ్డం తీయించే మాయగాళ్లున్నారు.

ఇలాంటి యాప్ ఫోర్స్ స్టాప్‌కు లొంగదు. మనం సెట్టింగ్స్ తెరవగానే వెనక్కి నెట్టేస్తుంది. ‘డివైస్ అడ్మిన్’ హోదా సంపాదించుకుని ఉంటే ఫోర్స్ స్టాప్ బటన్ మసకబారి, నొక్కినా పనిచేయదు. అప్పుడు కంగారు పడకుండా ఈ వరస పాటించాలి.

1. ముందు తెర కిందికి లాగి ఏరోప్లేన్ మోడ్ వేయండి. వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. దొంగకు మీ ఫోన్‌తో లంకె తెగుతుంది.

2. పక్కవాళ్ల ఫోన్ నుంచి 1930కి చేయండి. డబ్బు పోతే వెంటనే ఫిర్యాదు చేయాల్సిన జాతీయ సైబర్ నేరాల నంబరు ఇది. ఎంత త్వరగా చేస్తే పోయిన డబ్బును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకూ చెప్పి ఖాతాను నిలిపివేయించండి.

3. పవర్ మెనూ తెచ్చి ‘పవర్ ఆఫ్’ మీద వేలు నొక్కి పట్టండి. చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. సరే అంటే ఫోన్ మళ్లీ లేస్తుంది. మనం ఎక్కించుకున్న యాప్ ఏదీ ఆ స్థితిలో నడవదు.

4. సెట్టింగ్స్‌లో వెతికి ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ తెరవండి. తెలియని పేరుంటే డీయాక్టివేట్ చేయండి. యాక్సెసబిలిటీలోనూ చూసి ఆపేయండి.

5. ఇప్పుడు యాప్స్‌లోకి వెళ్లి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఫోన్‌ను మామూలుగా రీస్టార్ట్ చేయండి.

6. యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ వేరే నమ్మకమైన ఫోన్ నుంచి మార్చండి. పోలీసులకు చూపాల్సి వస్తుంది కాబట్టి ఆ ఫైలు పంపిన మెసేజీని, డబ్బు కట్ అయిన మెసేజీని చెరిపేయకండి.

రోజువారీ మొండి యాప్‌లకు

ప్రతి యాప్ దొంగ కాదు. కొన్ని బరువైనవి, కొన్ని చెడిపోయినవి. ఫోన్ వేడెక్కుతోందన్నా, పొద్దున ఛార్జింగ్ పెడితే మధ్యాహ్నానికి అయిపోతోందన్నా ముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం చూడండి. ఎక్కువ తింటున్నది ఏదో అక్కడే తెలుస్తుంది. వాడని యాప్ అయితే తీసేయండి. అవసరమే అయితే ఫోర్స్ స్టాప్ చేసి మళ్లీ తెరవండి. బిగుసుకుపోయిన చెల్లింపుల యాప్‌కు చాలాసార్లు ఇదే మందు. అయితే డబ్బు పంపడం మధ్యలో ఉండగా ఆపితే, మళ్లీ పంపేముందు పాత లావాదేవీ ఏమైందో చరిత్రలో చూసుకోవాలి. లేదంటే రెండుసార్లు పోవచ్చు.

దగ్గరి దారులు మూడు. హోమ్ తెర మీద యాప్ బొమ్మను నొక్కి పట్టుకుంటే చిన్న ‘ఐ’ గుర్తు వస్తుంది, అది నేరుగా యాప్ ఇన్ఫోకు తీసుకెళుతుంది. నోటిఫికేషన్‌ను నొక్కి పట్టుకుంటే అది ఏ యాప్‌దో తెలుస్తుంది, పక్కనే సెట్టింగ్స్ చక్రం ఉంటుంది. రీసెంట్స్‌లో కార్డు మీది బొమ్మ మూడో దారి. ఆండ్రాయిడ్ 12 నుంచి కెమెరా గానీ మైక్ గానీ వాడుకలో ఉంటే తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. మీరు మాట్లాడకుండా, ఫొటో తీయకుండా ఆ గుర్తు కనబడితే తెర కిందికి లాగి దాన్ని నొక్కండి. వాడుతున్నదెవరో చెబుతుంది.

వాట్సాప్‌నూ, బోటిమ్‌నూ రోజూ ఫోర్స్ స్టాప్ చేయకండి. ముద్ర పడ్డ యాప్‌కు మెసేజీ రాదు, కాల్ మోగదు. గల్ఫ్ నుంచి చేసిన ఫోన్ మోగలేదంటే కారణం అదే కావచ్చు. గడియారం, ఫోన్, మెసేజీల యాప్‌లను ముట్టుకోవద్దు. యాప్‌లన్నింటినీ ఒక్క నొక్కుతో ఆపేస్తామంటూ ప్లే స్టోర్‌లో దొరికే ‘క్లీనర్’, ‘బూస్టర్’ యాప్‌ల జోలికి అసలే పోవద్దు. నిజంగా ఫోర్స్ స్టాప్ చేయాలంటే వాటికి యాక్సెసబిలిటీ అనుమతి ఇవ్వాలి. ఫోన్ మొత్తాన్ని ఓ తెలియని యాప్ చేతిలో పెట్టి ఇంకో యాప్ నుంచి కాపాడమనడం తెలివైన పని కాదు.

హక్కు మాట

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తొమ్మిదిమందిలో ఒకరు కృష్ణా జిల్లా బిడ్డ జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కు ఆ చట్టంలో ఉంది. అంగీకారం ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలని కూడా ఆ చట్టమే అంటోంది.

ఆ మాటను ఫోన్ తయారీదారులు అక్షరాలా అమలు చేయాలి. ఒక్క నొక్కుతో ఎక్కే యాప్ ఒక్క నొక్కుతో ఆగాలి. రీసెంట్స్‌లో ప్రతి కార్డు కిందా ఫోర్స్ స్టాప్ ఉండాలి. గ్రాఫీన్ ఓఎస్‌లోలాగా ఇంటర్నెట్ అనుమతి యాప్‌లవారీగా తీసేసే వీలు, ఖాళీ నంబర్ల జాబితా చూపే వీలు పదివేల రూపాయల ఫోన్‌లో కూడా ఉండాలి. కోడ్ తెరిచే ఉంది, దారి చూపినవాళ్లున్నారు. గోప్యత డబ్బున్నవాళ్ల సొత్తుగా మిగిలిపోవడం అన్యాయం. చలానా పేరు చెబితే భయపడేది, పింఛను ఆగుతుందంటే వణికేది పేదవాళ్లే కాబట్టి, అందరికన్నా ముందు అది అందాల్సింది వాళ్లకే.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. బడుల్లో కంప్యూటరు పాఠాలతోపాటు యాప్ ఎలా ఆపాలో చూపించాలి. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలయ్యాక పది నిమిషాలు ఫోన్ మీద కూర్చోవాలి. గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఇచ్చే శిక్షణలో, వాళ్లు వదిలివెళ్లే ఇంటి ఫోన్ జాగ్రత్త కూడా ఒక పాఠం కావాలి.

అవన్నీ జరిగేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం ఇంట్లో అమ్మదో, నాయినమ్మదో ఫోన్ అడిగి తీసుకోండి. వాళ్ల పక్కన కూర్చోండి. అవసరం లేని యాప్‌లు ఏరి తీసేయండి. మిగిలినవాటిలో ఒకదాన్ని వాళ్ల వేలితోనే ఫోర్స్ స్టాప్ చేయించి, మళ్లీ తెరిపించండి. మెసేజీలు, నంబర్లు, యాక్సెసబిలిటీ అనుమతులు ఏ యాప్‌లకు ఇచ్చి ఉన్నాయో చూసి అక్కర్లేనివి తీసేయండి. ఫోన్ వెనక కవరులో 1930 అని రాసిన చీటీ పెట్టండి.